పేదవాడలో పొరుగిల్లు

సెటిల్మెంటు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. భూమి శిస్తు నిర్ణయించుటకు ఆ పేరున్నది. తగవు తీర్చుటకును ఆ పేరే. బ్రిటిషు ప్రభుత్వము కొన్ని కులములవారికి పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, స్టూవర్టుపురము వంటి చోట్ల కాపలాలో ఉంచినప్పుడు ఆ ఊళ్లకు సైతము అదే పేరు పెట్టినది. మేము ఇప్పుడు ప్రస్తావించుచున్న సెటిల్మెంటు వీటన్నిటికిని వేరైనది. ఇందు పేదలను తెచ్చి ఒకచోట ఉంచుట లేదు. చదువుకొన్నవారే తమంత తాముగా పోయి పేదల వీధిలో కాపురము పెట్టినారు. దీనిని మన మాటలో పొరుగిల్లు అనుకొనవచ్చును.

ఈ ఆలోచన లండను నగరమున పుట్టినది. 1873లో సామ్యూల్ బార్నెట్ అను క్రైస్తవాచార్యుడు, భార్య హెన్రియెట్టాతో కూడ, తూర్పు లండనులోని వైట్‌చాపెల్ పేటకు వచ్చినాడు. ఓడరేవు కూలీలు, ఇంటిలోనే బట్టలు కుట్టి పొట్టపోసికొనువారు, ఒక్క గదిలో సంసారమంతయు ఈదువారు ఆ పేటలో నివసించెడివారు. లండనులో దానధర్మములకు కొరత లేదు. కాని దాత యొకచోట, దీనుడొకచోట. ఒకరి ముఖము ఒకరు ఎరుగరు. దూరమునుండి విసరిన డబ్బు వలన ఆకలి ఒక పూట తీరునేమోగాని, ఆ ఆకలికి కారణమేమో దాతకు తెలియదని బార్నెట్ గ్రహించినాడు. విశ్వవిద్యాలయములలో చదివిన యువకులు కొంతకాలము ఈ పేటలోనే నివసింపవలెనని ఆయన కోరినాడు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్ర చరిత్ర బోధించుచు, కార్మికుల క్షేమమునకు పాటుపడి, 1883లో ముప్పది యేండ్ల వయస్సుననే కన్నుమూసిన ఆర్నాల్డ్ టాయిన్బీ పేరిట 1884 చివర టాయిన్బీ హాలు వెలసినది.

అచ్చటి నివాసులు తమ భోజనవసతుల ఖర్చు తామే పెట్టుకొనెడివారు. పగలు తమ ఉద్యోగములు చూచుకొని, సాయంకాలములు ఇరుగుపొరుగువారికి తరగతులు నడిపెడివారు. సభలు, చర్చలు జరిపెడివారు. 1898లో పేదలకు ఉచితముగా న్యాయసలహా ఇచ్చు ఏర్పాటు మొదలైనది. అచ్చట పనిచేసినవారిలో విలియం బెవరిడ్జి ఒకరు, క్లెమెంట్ అట్లీ మరియొకరు. సాంఘిక బీమాను గూర్చి 1942లో బెవరిడ్జి సమర్పించిన నివేదికకును, 1945 తరువాత అట్లీ ప్రభుత్వము చేసిన చట్టములకును వెనుక ఆ పేట వీధులలో కన్న అనుభవము కొంత ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

1888లో జేన్ ఆడమ్స్ అను అమెరికన్ యువతి టాయిన్బీ హాలును చూచినది. మరుసటి సంవత్సరము, 1889 సెప్టెంబరులో, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టారుతో కలిసి చికాగో నగరములో హాల్‌స్టెడ్ వీధిలోని ఒక పాత భవనమున కాపురము పెట్టినది. అదియే హల్ హౌస్. చుట్టును ఇటలీ, జర్మనీ, ఐర్లండు, రష్యా, బొహీమియాలనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. ఒకరి భాష మరియొకరికి రాదు. కవిత్వము, చిత్రకళ మొదలైనవాటిని ఆ పేదలతో పంచుకొనవలెనని ఈ ఇద్దరు స్త్రీలు వచ్చినారు. కాని పొరుగువారి అవసరములు మరియొక దారి చూపినవి.

పేటలోని తల్లులు పనికి పోవునప్పుడు పసిపిల్లలను ఇంటిలో పెట్టి తాళము వేసికొని పోయెడివారు. హల్ హౌస్ వారికి అవిటివారైన ముగ్గురు పిల్లలు కనిపించినారు. ఒకడు మూడవ అంతస్తు కిటికీనుండి పడినవాడు. ఒకడు ఒడలు కాలినవాడు. మూడవవానిని మూడేండ్లపాటు ప్రతిదినము వంటింటి బల్ల కాలికి కట్టివేసి ఉంచుటచే వెన్నెముక వంగిపోయినది. మధ్యాహ్నమున అన్న ఫ్యాక్టరీనుండి పరుగున వచ్చి, తన అన్నము పంచిపెట్టువరకు వానికి విడుదల లేదు. ఆ తల్లులకు ప్రేమ లేదనగలమా? కూలి మానినచో కుండ పొయ్యి యెక్కదు. హల్ హౌస్‌లో శిశుసంరక్షణశాల ఇట్టి కారణముననే ఏర్పడినది.

మొదటి క్రిస్మస్ పండుగకు పిల్లలకు మిఠాయిలు పంచగా కొందరు బాలికలు వద్దని తల త్రిప్పుకొన్నారు. విచారింపగా వారు మిఠాయి ఫ్యాక్టరీలో పనివారని తెలిసినది. ఆరు వారములుగా ఉదయము ఏడు మొదలు రాత్రి తొమ్మిదివరకు పనిచేసి, ఆ తీపి ముఖము చూడలేని స్థితికి వచ్చినారు. ఇట్టి పిల్లలకు మిఠాయి కాదు, చట్టము కావలెను. 1891లో హల్ హౌస్‌కు వచ్చిన ఫ్లోరెన్సు కెల్లీ ఇంటింట విచారణ జరిపి వివరములు సేకరించినది. వాటి ఫలితముగా 1893లో ఇల్లినాయి రాష్ట్రము పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టరాదనియు, స్త్రీలకు దినమునకు ఎనిమిది గంటలే పని అనియు శాసనము చేసి, ఆమెనే ముఖ్య తనిఖీ అధికారిణిగా నియమించినది. రెండేండ్లకే ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఎనిమిది గంటల నియమమును కొట్టివేసినది. సంస్కరణ మార్గము తిన్నని బాట కాదు.

చెత్త సంగతి వినుడు. పేటలో చెత్త వేయుటకు వీధులలో పెద్ద చెక్కపెట్టెలు బిగించి ఉండెడివి. అవి నిండి పొరలుచుండగా పిల్లలు వాటిమీదనే ఆడుకొనెడివారు. హల్ హౌస్ మహిళాసంఘమువారు సందుగొందులు తిరిగి, రెండు మాసములలో 1037 ఉల్లంఘనలను ఆరోగ్యశాఖకు వ్రాసి పంపినారు. 1895లో జేన్ ఆడమ్స్ ఆ వార్డుకు చెత్త తనిఖీదారుగా నియమితురాలైనది. తెల్లవారకముందే లేచి బండ్ల వెంట నడిచెడిది. ఒక ఇరుకు సందులో పదునెనిమిది అంగుళముల పెంట త్రవ్వగా అడుగున రాళ్లు పరచిన బాట బయటపడినది. అచ్చట బాట యున్నదన్నమాటయే ఎవరికిని తెలియదు! మరణముల లెక్కలో నగరమున మూడవదిగా నుండిన ఆ వార్డు ఏడవ స్థానమునకు తగ్గినది.

ఆమె పొరపాట్లు లేకుండ ఇవన్నియు సాధించినదని మేము చెప్పబోము. పని పోయిన గుమాస్తా యొకడు సహాయమడుగ వచ్చినాడు. కాలువ త్రవ్వకములో పని దొరకునుగదా, అది చేయక సహాయమడుగరాదని ఆమె నియమము చెప్పినది. జీవితమంతయు నీడపట్టున పనిచేసినవాడను, చలికాలములో బయటిపనికి తాళలేనని అతడు చెప్పినను మాట సాగలేదు. అతడు రెండు దినములు త్రవ్వినాడు; న్యుమోనియా వచ్చి వారము దినములకు మరణించినాడు. ఆమె ఈ సంగతి దాచక తన ఆత్మకథలో వ్రాసికొన్నది. నియమము తెలిసిన దానికన్న మనిషిని తెలిసికొనుట ముఖ్యమని ఆ మరణము ఆమెకు నేర్పినది. మరియొకప్పుడు శాస్త్రోక్తముగా పుష్టికరమైన వంటలు చేసి చవుకగా అమ్మజూచినారు. పుష్టి నిజమే, కాని మాకు నచ్చినదే మేము తిందుమని పొరుగువారు పెదవి విరిచినారు. సేవచేయువారు ఎదుటివారి రుచిని సైతము గౌరవింపవలెను. ఇంతకన్న పెద్దలోపము వర్ణభేదము. అమెరికాలో నాటి పెక్కు సెటిల్మెంట్లు నల్లజాతివారికి తలుపు తెరువలేదు. చికాగోలోనే ఐడా బి. వెల్స్ 1910లో వారికొరకు ప్రత్యేకసంఘము నెలకొల్పవలసివచ్చినది.

మనదేశమునకును ఈ ఉద్యమముతో సంబంధమున్నది. 1931లో రౌండు టేబిలు సమావేశమునకు లండను వెళ్లిన గాంధీమహాత్ముడు పెద్ద హోటలును కాదని, తూర్పు లండనులో మ్యూరియల్ లెస్టరు నడుపుచున్న కింగ్స్‌లీ హాలు అను సెటిల్మెంటులో బసచేసినారు. అమెరికా శ్రోతలకు ఆయన రేడియో ప్రసంగము వినిపించినది ఆ భవనమునుండియే. అంతకు ముందే, 1926లో, క్లిఫర్డు మాన్‌షార్ట్ అను అమెరికన్ బొంబాయిలోని నాగపాడాలో పొరుగిల్లు స్థాపించినాడు. దాని చెంతనే ఉన్న కామాఠీపురా మన తెలంగాణమునుండి వలసపోయిన కామాటుల పేరిట ఏర్పడినది. నాగపాడాలోని ఆ కృషినుండియే 1936లో సాంఘికసేవను బోధించు పాఠశాల పుట్టినది. నేడు అది టాటా సాంఘిక విజ్ఞానసంస్థగా ప్రసిద్ధమై హైదరాబాదులోను శాఖ కలిగియున్నది.

హల్ హౌస్ భవనములలో అధికభాగమును 1960 తరువాతి యేండ్లలో విశ్వవిద్యాలయము కొరకు పడగొట్టినారు. మిగిలినది ప్రదర్శనశాల అయినది. ఆ పేరిట సేవ సాగించిన సంఘము ధనాభావముచే 2012లో మూతపడినది. టాయిన్బీ హాలు మాత్రము నేటికిని పనిచేయుచున్నది. భవనములు ఉండవచ్చును, పోవచ్చును. శిశుసంరక్షణశాల, పిల్లల న్యాయస్థానము, ఫ్యాక్టరీ తనిఖీ, ఆటస్థలము మొదలైనవి నగర జీవితములో భాగములై నిలిచినవి.

మన పట్టణములలోను పేదవాడలు కలవు. మన ఇంటిలో అంట్లు తోమి పోవు స్త్రీ ఎచ్చట నివసించునో, ఆమె పనిలో ఉన్నంతసేపు ఆమె బిడ్డ ఎవరి చెంత ఉండునో మనలో ఎందరికి తెలియును? పొరుగిల్లు కట్టుట అందరికిని సాధ్యము కాకపోవచ్చును. ఆ ప్రశ్న అడుగుట మాత్రము ప్రతి ఇంటికిని సాధ్యమే.