విపత్తు సాయంలో చూడి ఆవు విలువ

2024 ఫిబ్రవరి 26న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు ఉత్తర కొసన రేగిన స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు పది లక్షల ఎకరాలకు పైగా భూమిని దహించివేసింది. హెంఫిల్ వంటి గ్రామీణ కౌంటీలలో పశుపోషకులు మందలను, మేతభూములను, కంచెలను కోల్పోయారు.

సమాఖ్య ప్రభుత్వ పశునష్ట పరిహార పథకం ప్రకారం, సాధారణ మరణాల సంఖ్యను మించి చనిపోయిన పశువులకు సగటు మార్కెట్ విలువలో 75 శాతం చెల్లించేవారు. అయితే అది అనేక మందలు ఈతకు దగ్గరపడిన కాలం. చూడి ఆవు మరణిస్తే కడుపులోని దూడ లెక్కకు వచ్చేది కాదు. 2025 నాటి చట్టం ఈ లోటును గుర్తించి, 2024 జనవరి 1 నుండి సంభవించిన నష్టాలకు వర్తించేలా అదనపు చెల్లింపును చేర్చింది.

అయినను ఆధారాలు లేనిదే సాయం అందదు. మంద సంఖ్య, చూడి వివరాలు విపత్తుకు ముందే నమోదై ఉండేలా చూడడమే విస్తరణ శాస్త్రవేత్తల ప్రథమ కర్తవ్యం.