నీలగిరి తైలం సీసా ఎక్కడ పెట్టారు?

ముసురు పట్టిన రోజుల్లో మన డెల్టా పల్లెల్లో గృహకూడికకు వెళితే, గుమ్మం దాటకముందే ఒక వాసన తగులుతుంది. కర్పూరాన్ని పోలిన చల్లని వాసన. ఇంట్లో ఎవరికో పడిశం పట్టిందనీ, నీలగిరి తైలం సీసా బయటికి వచ్చిందనీ అర్థం.

కొన్ని సంవత్సరాల క్రితం మేము కుటుంబంతో ఊటీ వెళ్లినప్పుడు ఆ తైలం అరడజను సీసాలు కొని తెచ్చాము. మోకాళ్ల నొప్పులని చెప్పే పెద్దవారికి తలా ఒకటి ఇచ్చాము. ఇచ్చామే గాని, ఎలా దాచుకోవాలో ఒక్క మాట చెప్పలేదు. ఒక ఇంట్లో మామ్మగారు దానిని వంటగదిలో పంచదార డబ్బా పక్కన పెట్టారు. మూడేళ్ల మనవడు మూత తీసి తాగేశాడు. "అయ్యగారూ, మీరిచ్చిన తైలమేనండీ!" అని ఆమె కేక వేసుకుంటూ మా ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు తండ్రి భుజం మీద మగతగా వాలిపోయి ఉన్నాడు. ఉప్పునీళ్లు పట్టి కక్కించమని ఇరుగుపొరుగు ఒకటే గోల. ఏం చేయాలో మాకూ తెలియలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్తే, దారిలోనే ఫిట్స్ వచ్చాయి. దేవుని కృపవలన రెండో రోజుకు తేరుకున్నాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మేము చేసిన ప్రార్థనలో సగం మా తెలివితక్కువతనాన్ని గూర్చినదే.

కక్కించకపోవడమే మంచిదయిందని డాక్టరుగారు అన్నారు. వాంతిలో ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే రెండో ప్రమాదమట. ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, చిన్నపిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది. అంతకన్నా తక్కువ తాగినా తేలికగా తీసుకోకూడదు. నోటి మంట, మగత, నడకలో తూలడం, ఫిట్స్, ఇవన్నీ అరగంటలోపే మొదలు కావచ్చు. ఎవరైనా తాగితే వెంటనే 108కి ఫోన్ చేసి, సీసాను కూడా వెంట తీసుకువెళ్లండి. పంచదారలో రెండు చుక్కలు వేసి పిల్లలకు నాకించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంటే, ఈ పూటే మానేయండి.

ఈ నీలగిరి చెట్టు మనకు కొత్తది కాదు. రాజమండ్రి దాటి మెట్టకు వెళ్తే కనబడే జామాయిల్ తోటలు ఆ జాతివే. అయితే అవి కాగితం మిల్లుల కర్రకోసం పెంచేవి. ఊటీలో ఆకును ఆవిరిపట్టి తైలం తీసేది బ్లూగమ్ అనే రకం నుండి. వంటచెరకు కొరత తీరాలని ఆస్ట్రేలియానుండి తెచ్చి, 1843లో ఊటీలో ఆ చెట్లు నాటించినవారు మద్రాసు ఇంజనీర్ల దళంలోని కెప్టెన్ ఫ్రెడరిక్ కాటన్. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మన కాటన్ దొరగారికి ఆయన తోడబుట్టినవాడు!

కర్పూరపు వాసన గనుక ఇది విశ్వాసుల ఇంట ఉండవచ్చునా అని ఒక సహోదరి మమ్మును అడిగింది. అమ్మా, కర్పూరం వేరు, ఇది వేరు. ఇందులో ముఖ్యంగా ఉండేది సినియోల్ అనే పదార్థం. వాసనలో ఏ దోషమూ లేదు. భయపడవలసింది వాసనకు కాదు, మూత వదులుగా ఉన్న సీసాకు. ఆ మాటకొస్తే కర్పూరం బిళ్ల మింగినా పిల్లలకు ఇదే గతి. జలుబని పసిబిడ్డ మెడలో కర్పూరం మూట కట్టడమూ మంచిది కాదు.

ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది గాని, జలుబును ఇది పోగొట్టదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, అంతే. పెద్దవారు రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని పీల్చుకోవచ్చు. నొప్పులకు చెంచా కొబ్బరినూనెలో రెండు మూడు చుక్కలు కలిపి రాసుకోవాలి గాని, ఊరికే రాస్తే చర్మం మండుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ముక్కు దగ్గరా ఛాతీ మీదా పూయకండి, ఊపిరి బిగపట్టే ప్రమాదముంది. ఆయాసం ఉన్నవారికి ఈ ఘాటు పడకపోవచ్చు. మరుగుతున్న గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి దుప్పటి కప్పవద్దు. ఆ గిన్నె ఒలికి కాలిన పిల్లలు ఎందరో! పొయ్యి దగ్గరా పెట్టకండి, ఇది మండే నూనె.

ఇక మా ఇంట్లో అమ్మగారు దీనిని మందుగా కన్నా పనిమనిషిగానే ఎక్కువ వాడతారు. పెళ్లికి వచ్చిన స్టీలు గిన్నెల మీద లేబుల్ జిగురు, చేతులకంటిన పనసజిగురు, పంచె మీద తారు మరక, అన్నిటికీ గుడ్డమీద నాలుగు చుక్కలే. ముసురులో బూజు వాసన కొట్టే గదిని తుడిచే నీళ్లలోనూ కొంచెం కలుపుతారు.

ఆ మామ్మగారు తన సీసాను పారేయలేదు. ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కోడలికిచ్చారు. ఇప్పుడు మోకాళ్లకు రాసుకోవాలంటే, పొలం నుండి కోడలు వచ్చేదాకా ఆగవలసిందే.