బండి దగ్గునకు నిదానము

మోటారు సైకిలు మరమ్మతు మన పత్రికలో నేల యని మీలో కొందఱకు తోపవచ్చును. ఆ బండిమీద మన భర్తలును బిడ్డలును పోవుచుందురు గదా! మా యింట గత వర్షాకాలమున జరిగిన సంగతి వినుడు.

మేము కాపురముండునది ఆదోని. మావారు ఉపాధ్యాయులు, వారి పాఠశాల యెమ్మిగనూరు దాపున నున్నది. దారి సుమారు 30 కిలోమీటర్లు. మా మామగారు కొనిన బుల్లెట్టు బండిమీద వారు దినమును పోయివత్తురు. ఆ బండి వంశము గొప్పది. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1901లో తమ తొలి మోటారు సైకిలును చేసిరి. బుల్లెట్టను పేరు 1932లో పుట్టినది. 1955 మొదలు మద్రాసున నీ బండ్లు తయారగుచు వచ్చెను. సీమలోని మాతృసంస్థ మూతపడినను మద్రాసు బిడ్డ బ్రతికినది. మాది ప్లాటినము పాయింట్ల కాలపు బండి. నేటి వానివలె ఎలక్ట్రానిక్ పెట్టె యిందు లేదు.

శ్రావణమున దానికి మిస్సింగు పట్టినది. ఊరు దాటునపుడు చక్కగా నడచును. కోటేకల్లు సమీపించుసరికి నడుమ నడుమ దెబ్బ తప్పును. సైలెన్సరు తుపాకివలె ప్రేలును. ఒక సాయంకాలము మా కుమారుని వెనుక నెక్కించుకొని వచ్చుచు, పత్తిలారీని దాటబోవు క్షణమున బండి చచ్చెను. ఎదుట బస్సు! మావారు బండిని ప్రక్కనున్న రేగడిలోనికి దింపి బ్రతికి బయటపడిరి. మోకాళ్లవఱకు బురదతో వాకిట నిలిచిన యా యిద్దఱిని జూచి మాకు నోట మాట రాలేదు.

మఱునాడు ఒక మెకానిక్కు ప్లగ్గును, కార్బురేటరు జెట్టును, పెట్రోలు గొట్టమును ఒక్కమాఱే మార్చెను. మిస్సింగు పోలేదు. "ఇంజను విప్పవలెనమ్మా, బోరు చేయింపవలె" ననెను. అతడు చెప్పిన మొత్తము మా అమ్మాయి కళాశాల రుసుమునకు దాచినదానితో సరిపోవును. మావారు బండిని అమ్మివేయుద మనిరి. అత్తగారు ఏమియు ననలేదు గాని, రెండు దినములు సరిగా భోజనము చేయలేదు.

బాల్యమున మా తండ్రిగారు మాకు తర్కసంగ్రహము చెప్పిరి. దానిని వ్రాసిన అన్నంభట్టు మన ఆంధ్రుడే. పొగనుబట్టి నిప్పు నూహించుటకు ఆయన చూపు దృష్టాంతము వంటయిల్లు. నిప్పు లేనిచోట పొగయు లేదనుటకు దృష్టాంతము మడుగు. ఏది యున్నప్పుడు దోషము కలుగుచున్నది, ఏది లేనప్పుడు కలుగుట లేదు అని రెండువైపులను చూడవలెను. మూడు వస్తువుల నొక్కమాఱు మార్చినవానికి దోషము పోయినను కారణము తెలియదు. ఎమ్మిగనూరు మగ్గముల యూరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన చోటు. అచటి నేతగాడు పడుగున నొక పోగు తెగినచో చీరయంతయు విప్పునా?

పాలలెక్క పుస్తకమున వెనుకపుటలు ఖాళీగా నుండెను. ప్రతి సాయంకాలమును మావారిని ప్రశ్నించి వ్రాసితిమి: ఎంత దూరమున మిస్సింగు మొదలైనది, వాన యున్నదా, ట్యాంకులో పెట్రోలెంత, మీటరు ముల్లు కదలినదా. మావారు మొదట నవ్విరి గాని జవాబులు చెప్పిరి. పది దినములకు సంగతి తేటపడినది. ఇంజను చల్లగా నున్నపు డెన్నడును లేదు, వేడెక్కిన పిమ్మటనే. వానతో పని లేదు. అరగంట నిలిపినచో మరల చక్కబడును.

ఇంజనుకు కావలసినవి మూడు: గాలితో తగుపాళ్ల గలిసిన పెట్రోలు, లోపలి బిగువు, వేళకు నిప్పురవ్వ. బిగువు చెడినచో కిక్కు తేలికగా దిగును, నీలిపొగ వచ్చును. అది అరగంటకు తిరిగివచ్చు గుణము గాదు. మా బండి కిక్కు కాలిని గట్టిగానే యెదిరించుచుండెను. కావున బోరు మాట నచటనే విడిచితిమి.

పెట్రోలు సంగతి చూచితిమి. ట్యాంకు మూతకు సన్నని గాలిరంధ్ర ముండును. అది పూడినచో కొంతదూరము పోయి బండి ఆగును, మూత తెఱచిన వెంటనే నడచును. మావారు దారిలో తెఱచి చూచిరి, మార్పు లేదు. గాలిజల్లెడ విప్పగా పత్తి నూగు దూదిపఱుపువలె పట్టియుండెను. మా యూరు పత్తికి పేరుపడిన యంగడి గదా! శుభ్రము చేయగా నల్లపొగ తగ్గెను గాని మిస్సింగు తగ్గలేదు.

ఇక మిగిలినది నిప్పురవ్వ. ప్లగ్గుకొన బిస్కత్తురంగున నున్నచో ఆరోగ్యము, పొడిమసి పట్టినచో పెట్రోలు హెచ్చు లేక రవ్వ బలహీనము, తెల్లబడినచో పెట్రోలు చాలమి. మాది మసి, జల్లెడ కడిగిన పిమ్మటను మసియే. మిస్సింగు వేళ మీటరు ముల్లు తటాలున పడినచో బ్యాటరీతీగ వదులని యర్థము; మాది పడలేదు. చీకటిలో ప్లగ్గుతీగను పరీక్షించితిమి. రవ్వలు బయటికి దుముకలేదు.

ఆదివారము మునిమాపున మావారు బండిని వేడెక్కువఱకు త్రిప్పి, మిస్సింగు పట్టినంతనే వాకిటికి తెచ్చిరి. దీప మార్పి, పాయింట్ల మూత తీసి, ఇంజను నడుచుచుండగా చూచితిమి. పాయింట్ల నడుమ నీలిరవ్వలు ఎడతెగక మెఱయుచుండెను. మఱునాటి వేకువజామున, ఇంజను చల్లగా నున్నపుడు, మరల చూడగా కనబడీ కనబడనట్లుండెను. అత్తగారిని పిలిచి చూపితిమి.

కారణ మిది. పాయింట్లు విడివడినపుడు కాయిలులో ప్రవాహము చటుక్కున తెగవలెను. అపుడే ప్లగ్గువద్ద గట్టి రవ్వ పుట్టును. తెగుచోట దుమికిపోజూచు ప్రవాహమును కండెన్సరను చిన్న డబ్బీ తనలోనికి తీసికొనును. వయస్సుచే దాని లోపలి పొరలు చెడినచో వేడికి పని మానును; రవ్వ పాయింట్లవద్దనే వ్యర్థమగును. కాయిలు కూడ వేడికి చెడుట కలదు. అయినను చవుకదానితో మొదలిడితిమి. క్రొత్త కండెన్సరు కిలో కందిపప్పు ధరకు మించలేదు. గుంటలుపడిన పాయింట్లను సన్నని ఆకురాతితో రుద్ది, ఎడమును 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్ల లోపల నిలిపిరి. మఱి యేదియు మార్చలేదు.

ఆనాటినుండి నెలదినములు పుస్తకమున వ్రాయుటకు ఏమియు లేకపోయెను. అటుపిమ్మట ఒకనాడు మాత్రము మిస్సింగు మరల తలచూపినది. మా గుండె జాఱెను. చూడగా కండెన్సరు మఱ వదులై యుండెను, మావారే బిగించిరి.

ఒక హెచ్చరిక. ప్లగ్గు విప్పి రవ్వ చూడదలచినవారు పెట్రోలు కుళాయి కట్టి, ప్లగ్గును దాని రంధ్రమునకు దూరముగా ఇంజను రెక్కలకు తాకించి, రబ్బరు టోపీనే పట్టుకొనవలెను. ఆ సమయమున పిల్లలను లోపలికి పంపుడు. మేము పంపక ఒకమాఱు చీవాట్లు తింటిమి.

బండి అమ్ముడుపోలేదు. అమ్మాయి రుసుము కట్టితిమి. పాత కండెన్సరును మెకానిక్కునకు చూపగా నతడు, "ముందే చూడవలసినదమ్మా" యని తల గోకికొనెను. ఇపుడు చలివేళల నొక చిన్నదగ్గు కార్బురేటరువైపు వినబడుచున్నది. దానికై పాలలెక్క పుస్తకమున క్రొత్త పుట తెఱచితిమి.