పెంపుడు కుందేళ్లలో శ్వాసకోశ వ్యాధులు: గాలి, మేత, మందు

మహబూబాబాద్ జిల్లా గార్లలో మా మేనకోడలి ఇంట ఒక తెల్ల కుందేలు ఉండేది. గత జనవరిలో అది తుమ్మసాగింది. పంజరం మెట్ల కింద ఉండేది. పక్కనే కల్లం నుండి తెచ్చిన మిరపకాయల బస్తాలు. జలుబే కదా అని, ఇంట్లో మిగిలిన పిల్లల అమాక్సిసిల్లిన్ సిరప్‌ను దానికి నోటి ద్వారా పట్టించారు. మూడవ నాటికి తుమ్ములు తగ్గాయి కాని మేత మానివేసింది. విరేచనాలు పట్టుకొని ఐదవ నాడు మరణించింది. "తాతా, మందేసినం గదా, ఎందుకు సచ్చిపోయింది?" అని పాప అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. నేను సస్యశాస్త్ర ఆచార్యుడను, పశువైద్యుడను కాను. పశువైద్య మిత్రుల వద్ద తెలుసుకొన్న అంశాలకు మేతను గురించి నాకు తెలిసినవి జోడిస్తున్నాను.

వ్యాధి కారకాలు

కుందేలు సహజంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. అందువల్ల ముక్కు మూసుకుపోవడం దానికి చిన్న బాధ కాదు. ఈ వ్యాధులకు ప్రధాన కారకం పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా. పశువులలో గొంతువాపు, కోళ్లలో కలరా కలిగించేవి ఈ జాతిలోని వేర్వేరు రకాలే. బోర్డెటెల్లా, స్టాఫిలోకాకస్ బాక్టీరియాలు కూడా వ్యాధిలో పాలుపంచుకొంటాయి. ఆరోగ్యంగా కనిపించే అనేక కుందేళ్ల ముక్కులో ఈ సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. చలి, ప్రయాణం, ఇరుకు, దుమ్ము, మూత్రం నుండి వెలువడే అమ్మోనియా వాయువు రోగనిరోధక శక్తిని తగ్గించినపుడు వ్యాధి బయటపడుతుంది. పైదంతాల వేళ్లు పెరిగి కన్నీటి నాళాన్ని నొక్కినా కన్ను, ముక్కు కారవచ్చు.

లక్షణాలు

తుమ్ములు, తెల్లని చిక్కటి చీమిడి, కళ్లు కారడం ప్రధాన లక్షణాలు. ముక్కు తుడుచుకొన్నందున ముందుకాళ్ల లోపలి వెంట్రుకలు అట్టకడతాయి. విశ్రాంతిలో ఉన్న కుందేలు నిమిషానికి 30 నుండి 60 సార్లు శ్వాసిస్తుంది. తల పైకెత్తి, నోరు తెరచి శ్వాసించడం ప్రాణాపాయ సూచన. 12 గంటలు మేత ముట్టకపోయినా అత్యవసర స్థితిగానే భావించాలి; పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదమున్నది. ఎండాకాలంలో ఎగశ్వాస కనిపిస్తే వడదెబ్బను కూడా అనుమానించాలి.

మందు విషమయ్యే తీరు

కుందేలు పీచును జీర్ణం చేసుకొనేది అంధనాళంలోని సూక్ష్మజీవుల సహాయంతో. అమాక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ వంటి మందులు నోటి ద్వారా ఇచ్చినపుడు మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, క్లాస్ట్రిడియం జాతివి పెచ్చుపెరిగి విషాన్ని వెలువరిస్తాయి. గార్లలో జరిగినది ఇదే కావచ్చునని మిత్రుల అభిప్రాయం. ఎన్రోఫ్లాక్ససిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా వంటివి కుందేళ్లకు వాడుకలో ఉన్నాయి. అయితే మందు, మోతాదు, కాలపరిమితి పశువైద్యుడే నిర్ణయించాలి. తుమ్ములు తగ్గగానే చికిత్స ఆపరాదు. ఈ వ్యాధి తరచు తిరగబెడుతుంది. స్థానిక పశువైద్యశాలలో పరిష్కారం దొరకనపుడు వరంగల్ సమీపంలోని మామునూరు పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు.

యాజమాన్యం

• జబ్బుపడిన దానిని వేరుచేసి, గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ముక్కు తుడవాలి. తాజా మేత, నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉంచాలి.

• మూత్రపు తట్టను ప్రతిదినం కడగాలి. మన ముక్కుకే ఘాటు తెలిసిందంటే, ఆ తట్టకు దగ్గరగా శ్వాసించే కుందేలుకు అది మితిమీరినట్లే.

• మిరప కల్లాలకు, వంటపొగకు, దోమల చుట్టలకు దూరంగా, గాలి ఆడే నీడలో పంజరం ఉంచాలి. ఈదురుగాలి నేరుగా తగలరాదు.

• బూజుపట్టిన వరిగడ్డి, దుమ్ము లేచే ఊక పరుపుగా వాడరాదు. బూజు బీజాలు శ్వాసకోశాన్ని దెబ్బతీస్తాయి.

• దశరథ గడ్డి, గడ్డి చామంతి ఇష్టంగా తింటాయి. పురుగుమందు చల్లిన మిరప, పత్తి చేల గట్లపై కోసినది మాత్రం పెట్టరాదు.

• కొత్తగా తెచ్చిన కుందేలును కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలి.

• పొలంలో దొరికిన చెవులపిల్లిని ఇంటికి తేరాదు. అది వేరే జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తున్నది.

పాపకు నేను చెప్పిన సమాధానం ఒక్కటే. మీరు ప్రేమతోనే మందు వేశారు. అయితే మనిషికి పనిచేసే మందు ప్రతి ప్రాణికీ పనిచేయదు. ఇంట్లో మిగిలిన సీసా అందుకొనే ముందు పశువైద్యుడిని అడగడమే ఆ మూగజీవికి మనం చేయగల మొదటి చికిత్స.