డ్రైయర్ తిరుగుతుంది, వేడెక్కదు

వానాకాలంలో యతీంఖానా పిల్లల దుప్పట్లు ఆరవు. అందుకే కొందరు దాతలు బట్టలారబెట్టే కరెంటు డ్రైయర్ ఇస్తుంటారు. కొన్నాళ్లకు డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం రాదు. అమానత్‌గా వచ్చిన వస్తువును మూలన పడేసి కొత్తది అడగడం భావ్యం కాదు.

ముందు సెట్టింగు చల్లగాలి మీద ఉందేమో చూడాలి. తరువాత జాలీ తీసి, దానికి పట్టిన బట్టల పీచు దులపాలి. వెనుక గాలి గొట్టం ఉంటే అది నలిగిందా, పూడుకుపోయిందా చూడాలి. చాలాసార్లు అసలు తంటా ఇక్కడే. వేడిగాలి బయటికి పోకపోతే లోపల వేడి మితిమీరి థర్మల్ ఫ్యూజు పోతుంది, హీటరుకు కరెంటు ఆగిపోతుంది. ఇది మీటరు బోర్డులో ఎంసీబీలా మళ్లీ పైకెత్తితే పనిచేసేది కాదు, మార్చాల్సిందే. గొట్టం శుభ్రం చేయకుండా మారిస్తే కొత్తదీ పోతుంది. దాన్ని తీసేసి వైరు కలిపేస్తానని మెకానిక్ అంటే ఒప్పుకోవద్దు. పిల్లలు పడుకునే చోట అది నిప్పుతో చెలగాటం!

ఫ్యూజు బాగుంటే కాయిల్ తెగిందేమో, థర్మోస్టాట్ పోయిందేమో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తాడు. ప్లగ్గు తీశాకే మూత విప్పాలి.

డ్రైయర్ ఇవ్వాలని నియ్యత్ చేసుకున్నవారు ఎర్తింగుతో విడిగా 16 ఆంపియర్ల లైనుకు, గాలి గొట్టం బిగింపుకు అయ్యే ఖర్చు కూడా కలిపి ఇస్తే మంచిది. ప్రతిసారీ జాలీ దులిపే పని వార్డెన్ గారు ఒకరికి అప్పగించాలి.