కూలింది పోగా మిగిలిన మందిరం

లండన్ మహానగరంలోని స్మిత్‌ఫీల్డ్ ప్రాంతంలో సెయింట్ బర్తొలొమ్యూ ద గ్రేట్ అనే పురాతన చర్చి ఉంది. వీధి పక్కనున్న రాతి తోరణం దాటి ఖాళీ స్థలంలో కొంతదూరం నడిస్తేగాని చర్చి గుమ్మం రాదు. ఆ తోరణం పాత చర్చి ముఖద్వారంలో మిగిలిన భాగం. నడిచి వచ్చిన ఆ ఖాళీ స్థలమంతా ఒకప్పుడు చర్చే!

ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ కొలువులో రహేర్ అనే వ్యక్తి ఉండేవాడు. రోము యాత్రకు వెళ్లి అక్కడ తీవ్రంగా జబ్బుపడ్డాడు. బతికితే పేదలకు ఆసుపత్రి కట్టిస్తానని దేవునికి మొక్కుకున్నాడు. అపొస్తలుడైన బర్తొలొమయి అతనికి దర్శనమిచ్చి, స్మిత్‌ఫీల్డ్‌లో చర్చి కట్టమన్నాడని కూడా చెబుతారు. జబ్బు మంచం మీది మొక్కుల్ని ఆరోగ్యం రాగానే మర్చిపోయేవాళ్లే ఎక్కువ. రహేర్ మర్చిపోలేదు. 1123లో ఆసుపత్రినీ, దాని పక్కనే చర్చితో కూడిన ప్రయరీనీ స్థాపించాడు. ప్రయరీ అంటే ప్రయర్ అనే పెద్ద ఆధ్వర్యంలో సన్యాసులు నివసించే మఠం. దానికి తొలి ప్రయర్ రహేరే. అతని సమాధి నేటికీ ఆ చర్చిలోనే ఉంది.

నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎనిమిదవ హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నింటినీ రద్దుచేసి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. 1539లో ఈ ప్రయరీ వంతు వచ్చింది. చర్చిలోని పొడవాటి ముందుభాగాన్ని కూల్చేశారు. సన్యాసులు కీర్తనలు పాడే భాగం మాత్రం స్థానిక విశ్వాసుల ఆరాధనకు మిగిలింది. తర్వాతి కాలంలో అదీ చిక్కిపోయింది. ఒక పక్క భాగంలో కమ్మరి కొలిమి వెలిసింది. వెనకనున్న మరియమ్మ చాపెల్ ప్రింటింగ్ ప్రెస్ అయింది. అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ యువకుడిగా 1725లో పనిచేసింది అక్కడే. ఆ తర్వాత అదే చోట ఫ్యాక్టరీ కూడా నడిచింది. గోడకు ఒకవైపు సమ్మెట దెబ్బలు, మరోవైపు ప్రార్థనలు!

అయినా సంఘం చెదిరిపోలేదు. 19వ శతాబ్దంలో పోయిన భాగాలను ఒక్కొక్కటిగా తిరిగి సంపాదించుకుంది. ఆస్టన్ వెబ్ అనే ఆర్కిటెక్టు వాటిని బాగుచేశాడు. కొలిమి ఉన్నచోట మళ్లీ ప్రార్థన వినిపించింది. 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం, రెండో ప్రపంచయుద్ధపు బాంబులు ఆ మందిరాన్ని కూల్చలేకపోయాయి. 2023లో అది తొమ్మిది వందల ఏళ్లు పూర్తిచేసుకుంది. రహేర్ స్థాపించిన ఆసుపత్రి కూడా అదే స్థలంలో నేటికీ రోగులకు సేవలందిస్తోంది.

కూల్చేసిన ముందుభాగాన్ని ఎవరూ తిరిగి కట్టలేదు. ఆ నష్టం నష్టంగానే ఉండిపోయింది. కాని మిగిలిన దానిలో ఆరాధన ఆగలేదు గనుకనే అది నేటికీ చర్చిగా నిలిచింది. యెషయా ప్రవక్త పదేపదే చెప్పిన 'శేషం' అదే. ఆరోగ్యమో, ఆస్తియో, ఆత్మీయులో దూరమై జీవితం సగమైపోయిందని కుమిలిపోయే విశ్వాసి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మిగిలిన సగంలో ప్రార్థన వినిపిస్తోందా?