మరమ్మతైన చేతిగడియారము : దాని నడక, దాని పరీక్ష

అత్తిమంజేరిపేట మగ్గముల యూరు. అచ్చటి నేతపనివాడొకడు తన తండ్రి ధరించిన కీ గడియారమును రుసుము చెల్లించి సర్వీసింగు చేయించెననుకొందము. వారము గడచిన పిమ్మట ఫోనులోని కాలముతో పోల్చి చూడగా అది 2 నిమిషముల 20 సెకనులు ముందున్నది. పని సరిగా జరుగలేదని యజమాని కోపించును. చేయవలసినదంతయు చేసితినని మరమ్మతుదారు చెప్పును. ఒకరికి తండ్రి గుర్తు, మరియొకరికి వృత్తి గౌరవము. ఈ తగవు తీరుటకు గడియారము దేనివలన నడచును, సర్వీసింగువలన దానికి కలుగు మేలేమి, దాని తప్పునకు హద్దెంత అను మూడు విషయములు తెలియవలెను.

చేతిగడియారమునకు ప్రాణము బ్యాలెన్సు చక్రము. అది ఒక ప్రక్కకు తిరిగినపుడెల్ల వెండ్రుకవంటి హెయిర్ స్ప్రింగు దానిని వెనుకకు లాగును. ఇట్టి స్ప్రింగు గల గడియారమును హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు హైగెన్సు 1675లో ప్రకటించెను. కీ యిచ్చినపుడు చుట్టుకొనిన మెయిన్ స్ప్రింగు బలము పండ్ల చక్రముల గుండ వచ్చి, బ్యాలెన్సు చక్రమును ప్రతి ఊపునందును కొంచెము నెట్టుచుండును. మనకు వినబడు టిక్కు టిక్కు శబ్దము ఆ సమయమున పుట్టునదే.

జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో 1961లో బెంగళూరునందు చేతిగడియారముల తయారీకి పూనుకొనిన హెచ్.ఎం.టి. వారి జనతా గడియారమును ఉదాహరణముగా గైకొందము. అది గంటకు 18,000 మారులు, అనగా సెకనుకు 5 మారులు టిక్కుమనును. దినమునకు 4,32,000 టిక్కులు. మన పెద్దల లెక్కలో దినమునకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. కావున విఘడియ యనగా 24 సెకనులు. దినమునకొక విఘడియ తప్పు గడియారము 3,600 టిక్కులలో ఒక్కటి మాత్రమే తప్పినది. 3,600 పోగుల పడుగులో ఒక పోగు తప్పుటవంటిది ఇది. పైన చెప్పిన గడియారము దినమునకు 20 సెకనులు ముందు పోవుచున్నది. అనగా దాని తప్పు విఘడియకంటె తక్కువ.

ఇక సర్వీసింగు సంగతి. ఏండ్లు గడచినకొలది గడియారములోని నూనె ఎండి, దుమ్ముతో కలిసి జిగురగును. రాపిడి హెచ్చి చక్రపు ఊపు తగ్గును. మరమ్మతుదారు కంటికి భూతద్దము తగిలించుకొని భాగములన్నిటిని విప్పి, కడిగి, ఆరబెట్టి, ఇరుసులు తిరుగు రాళ్లయందు తగుమాత్రము క్రొత్త నూనె నుంచి మరల కూర్చును. నూనె తక్కువైన అరుగుదల, ఎక్కువైన చోటు తప్పి వ్యాపించుట కలుగును. ఈ పనివలన గడియారమునకు చేకూరునది నిలకడ. నేటి ఊపు రేపును, ఎల్లుండియు అటులే యుండును.

నిలకడ వేరు, సరియైన కాలము వేరు. గడియారము ముందు పోవుచున్నచో వెనుకకును, వెనుకబడుచున్నచో ముందునకును రెగ్యులేటరు అను చిన్న మీటను జరుపుట రెండవ పని. మురికి పట్టిన గడియారమునకు సయితము మీట జరిపి ఒకనాటికి సరియైన కాలము చూపించవచ్చును, అది నిలువదు. శుభ్రపడి నిలకడగా నడచు గడియారము 20 సెకనులు ముందు పోయినను మీటను రవంత జరిపిన సరిపోవును. కావున మొదటి దానికంటె రెండవదే మంచి గడియారము.

అంగడిలో సరిగా నడచినది చేతికి కట్టుకొనిన పిమ్మట ఏల మారును? టైమ్‌గ్రాఫరు అను యంత్రము టిక్కుల ధ్వని విని, దినమునకెన్ని సెకనుల తేడా రాగలదో చూపును. కాని అది చూచునది కొన్ని నిమిషముల నడకనే. గడియారము వెల్లకిల నున్నపుడు ఒక తీరున, నిలువుగా నున్నపుడు మరియొక తీరున నడచును. కీ నిండుగా నున్నపుడున్న బలము ఇరువది గంటల పిమ్మట ఉండదు. వేడిమియు కొంత మార్పు తెచ్చును. స్పీకరులు మొదలగు వానిలోని అయస్కాంతము సోకినచో హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని, గడియారము దినమునకు నిమిషముల కొలది ముందునకు పరుగెత్తవచ్చును. ఇది మరమ్మతుదారు దోషము కాదు. అయస్కాంతమును తొలగించు పరికరముతో క్షణములో కుదురును. ఇరుసులు అరిగిపోయినచో మాత్రము ఎంత మంచి నూనెయు వానిని బాగుచేయజాలదు, భాగము మార్చవలసినదే.

స్విట్జర్లాండులో క్రోనోమీటరు అను బిరుదు పొందుటకు గడియార యంత్రమును 15 దినములు, 5 భంగిమలలో, 8, 23, 38 డిగ్రీల వేడిమిలలో పరీక్షింతురు. అంతటి యంత్రమునకును సగటున దినమునకు 4 సెకనులు వెనుకబడుటకు, 6 సెకనులు ముందు పోవుటకు అనుమతి కలదు. అట్లుండ, దశాబ్దములు నడచిన సామాన్యమైన గడియారము దినమునకు 20, 30 సెకనుల లోపు తేడాతో నిలకడగా నడచిన తృప్తి పడదగినదే.

పరీక్షించు విధము సులభము. ప్రతి ఉదయము ఒకే వేళకు నిండుగా కీ యిచ్చి, ఫోనులోని కాలముతో పోల్చి, తేడాను పది దినములు కాగితముపై వ్రాయవలెను. ముల్లును నడుమ తాకరాదు. దినమునకు 19, 21, 20 సెకనుల చొప్పున ముందు పోయినచో పని చక్కగా జరిగినది. మీట జరుపుట మాత్రమే మిగిలినది. ఒకనాడు 5 ముందు, ఒకనాడు 40 వెనుక, మరునాడు 60 ముందు అయినచో లోపల దోషము కలదు, తిరిగి చూపవలెను. ఆ కాగితము మరమ్మతుదారునకు యజమాని కోపముకంటె నెక్కువ ఉపకరించును.

పోల్చుటకు నీడను గాని సూర్యోదయమును గాని ప్రమాణముగా గొనరాదు. 1792లో వెలసిన మద్రాసు నక్షత్రశాల కాలము గ్రీనిచి కాలమునకు 5 గంటల 21 నిమిషముల 14 సెకనులు ముందుండెడిది. 1906 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన భారత ప్రామాణిక కాలము అంతకంటె 8 నిమిషముల 46 సెకనులు ముందు. అత్తిమంజేరిపేట మద్రాసునకు పడమట నుండుటచే అచ్చటి స్థానిక కాలము ప్రామాణిక కాలమునకు సుమారు 12 నిమిషములు వెనుక. సూర్యుడు నడినెత్తికి వచ్చువేళయు ఏడాది పొడవున మారుచు, నవంబరు మొదట 12 గంటలకు ముందే, ఫిబ్రవరి నడుమ 12 గంటల 25 నిమిషముల ప్రాంతమున నుండును. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరినపుడు సరిహద్దు మారినది గాని, ఇరువైపుల గడియారములు చూపు కాలము మారలేదు.

హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించెను. ఇప్పుడున్న పాత గడియారములు నిలుచుట వానిని విప్పి కూర్చగల చేతులపైననే ఆధారపడియున్నది. “సెకను తప్పదు” అను మరమ్మతుదారుని మాట నమ్మదగినది కాదు. “ఇంత తప్పును, ఆ తప్పు దినదినమునకు మారదు” అని చెప్పి నిలుపుకొనువాడే నేర్పరి. అట్టివానికి పది దినముల లెక్క చూపి, ఆ మీటను మరియొకమారు జరిపించుకొనుట యజమాని విధి.